చీకటి మేటరు

ధవళేశ్వరం,
12 నవంబరు 2006, ఆదివారం.

చిరంజీవి వినీలకు నాన్న దీవించి రాయునది.

ముందుగా నా తెలుగు పేదరికానికి క్షమాపణ చెప్పుకోవాలి. అక్షరాలు ఆదివారపు బడిలో బైబిలు మీద నేర్చాను. పదవ తరగతి రాత్రి బడిలో గట్టెక్కాను. బి.ఏ. రాజమండ్రిలో సాయంకాలపు కళాశాలలో, పగలంతా కాలవ గట్ల మీద తిరిగి వచ్చి, ఇంగ్లీషున చదివాను. ఆ మీదట ఉద్యోగమంతా రిజిస్టర్ల భాషే. నా ఉత్తరం సగం పాదిరిగారి ప్రార్థనలాగా, సగం ఆఫీసు మెమోలాగా ఉంటుందని నీవొకసారి నవ్వావు. సొంత కూతురికి రాసే ఉత్తరం కింద కూడా పేరు పక్కన బి.ఏ. అని రాసేది ఈ లోకంలో మీరొక్కరే నాన్నా అని కూడా అన్నావు. నేను నొచ్చుకోలేదు. ఆ రెండు అక్షరాలకు నాకు పదకొండేళ్ళు పట్టింది.

తప్పులతోనైనా ఈ ఉత్తరం రాయక తప్పదు. ఇందులోని సంగతి పల్లంరాజు గారి ఎస్.టి.డి. బూత్‌లో నిలబడి, ఎర్ర అంకెలు పరుగెడుతుండగా చెప్పదగినది కాదు.

ఇక్కడ మీ అమ్మ, నేను, పెరట్లో నీవు నాటిన బొప్పాయి, ముగ్గురమూ దేవుని కృపవలన కులాసా. పూణేలో నీవు వేళకు తింటున్నావని, చలికి స్వెట్టరు వేసుకుంటున్నావని తలుస్తాను. నీ ప్రశ్నలకు వరుసగా జవాబు. మీ అమ్మ మోకాలి నొప్పి తగ్గింది. ఆవిడ మాత్రం తగ్గలేదు. ఆగస్టు వరద నీరు మన వీధి మలుపు దాకా వచ్చి, ఎవరో వెనకనుండి పిలిచినట్టు తిరిగిపోయింది. ఇక, సంఘంలో నీ పేరున ప్రత్యేక ప్రార్థన ఎందుకు జరిగిందని అడిగావు. అది కొంత వివరించవలసిన విషయం.

కిందటి నెల ఫోనులో నీవు మీ అమ్మతో, డార్క్ మేటర్ మీద పని చేస్తున్నాననీ, అందులో ఒకటి తేలడం లేదనీ, ప్రొఫెసరు గారికి కూడా ఇంకా పూర్తిగా చెప్పలేదనీ అన్నావట. మన వైపు మేటరు అంటే ఏమిటో నీకు తెలియనిది కాదు. పెళ్ళి చెడినా మేటరే, గట్టు తగాదా వచ్చినా మేటరే. దాని ముందు డార్కు కూడా చేరేసరికి మీ అమ్మ ఇంటికి వచ్చి గుమ్మంలోనే కూర్చుండిపోయింది.

“ఏవండీ, పిల్ల ఏదో చీకటి మేటర్లో ఇరుక్కుందండి. వాళ్ళ మేష్టారికి కూడా చెప్పలేదంట,” అన్నది.

నేను చదువుకున్నవాడిని గనుక, మేటర్ అనగా పదార్థమని, ఆకాశంలో కంటికి కనబడని పదార్థం ఒకటి ఉన్నదని శాస్త్రజ్ఞులు అంటున్నారని ఓపికగా వివరించాను.

“పదార్థమైతే చీకట్లో దానికేం పనండి?” అన్నది మీ అమ్మ.

మరునాడు ఆవిడ స్త్రీల కూటంలో కళ్ళు తుడుచుకుంటూ ఆ ముక్కే చెప్పుకున్నదట. నలభై మంది స్త్రీలు మోకరించి, మా వినీలను చీకటి మేటరు నుండి విడిపించు ప్రభువా అని ప్రార్థించారు. పాదిరిగారు ఆమేన్ అన్న తరువాత గాని నాకు తెలియలేదు. ప్రార్థన ఫలించి నీ పరిశోధన ఆగిపోతుందేమోనని నేను రెండు రోజులు కలవరపడిన మాట వాస్తవం.

ఇప్పుడు, నీవు నా కోసం తెలుగులో రాసి పంపిన నాలుగు పేజీల గురించి. నాన్నకు అర్థం కాదేమోనని నీవు ఎక్కడా విషయాన్ని పలచన చేయలేదు. ఆ గౌరవానికి సంతోషించాను. తొమ్మిది సార్లు చదివాను. మొదటి మూడు సార్లు ఏమీ బోధపడలేదని ఒప్పుకుంటున్నాను.

సూర్యునికన్నా ఎంతో పెద్ద నక్షత్రం ఒకటి, లోపలి ఇంధనం అయిపోయాక తన బరువు తానే మోయలేక కూలిపోయి, చివరకు చిన్న గుండుగా మిగులుతుందన్నావు. రాజమండ్రిలో మేకు కొట్టి కడియం దాకా తాడు పట్టి చుట్టూ తిప్పితే ఆ గుండు అందులో ఇమిడిపోతుంది. అయినా సూర్యునికన్నా బరువు తూగుతుంది. ఆ పదార్థం ఒక టీ చెంచాడు తీస్తే రెండు వందల యాభై కోట్ల టన్నులు అని రాశావు. టన్ను అంటే నాకు తెలుసు, ఇసుక లారీలో చూశాను. కోట్ల టన్నులు నాకు తెలియవు. కాబట్టి నాకు తెలిసిన కొలతలోకి మార్చుకున్నాను. పది లక్షల క్యూసెక్కుల వరద ఒక పగలు, ఒక రాత్రి ఆగకుండా దిగితే ఎంత నీరు సముద్రానికి పోతుందో దాని బరువు కట్టాను. మూడు సార్లు కట్టాను. రెండు వందల నలభై అయిదు కోట్ల టన్నులు వచ్చింది. మిగిలిన అయిదు కోట్లు నీవు సర్దుకోవాలి.

ఆ మరునాడు ఉదయం బ్యారేజీ మీదికి నడిచి వెళ్ళాను. ఎందుకో తెలియదు, మీ అమ్మ ఉప్పు డబ్బాలోని చెంచా జేబులో వేసుకుని వెళ్ళాను. ఆగస్టులో అదే చోట నిలబడి చూసిన వరద నా కళ్ళలో ఇంకా ఉన్నది. ఎర్రటి నీరు, దానిమీద పశువుల పాకల కప్పులు, కూకటివేళ్ళతో లేచి వచ్చిన చెట్లు. కాళ్ళ కింద రాయి సన్నగా వణకడం. ముప్పై ఏళ్ళుగా ఈ నీటి పక్కన బతుకుతున్నాను. ఇంతకన్నా బరువైనది ఉంటుందని నేనెన్నడూ అనుకోలేదు. జేబులోంచి చెంచా తీసి అరచేతిలో పెట్టుకుని చూశాను. అంత నదీ ఇందులో. నా చేయి నాకు తెలియకుండానే కిందికి దిగింది, తల్లీ. సైకిలు మీద పోతున్న పాలవాడు ఆగి, బాబుగారూ ఏదైనా పడిపోయిందా అని అడిగాడు. లేదయ్యా అన్నాను. అంతకు మించి అతనికి ఏమి చెప్పగలను?

ఇక రెండవ సంగతి. నక్షత్ర మండలాల అంచున తిరిగే నక్షత్రాలు ఉండవలసినదానికన్నా వేగంగా తిరుగుతున్నాయనీ, కనబడే పదార్థమంతా కలిసి లాగినా ఆ వేగానికి చాలదనీ రాశావు. కాబట్టి రెండే దారులు. కనబడనిది ఏదో అక్కడ ఉండి లాగుతున్నది. లేదా ఆకర్షణ సూత్రమే మనం అనుకున్నట్టు లేదు, దానిని సవరించాలి. ఈ రెండింటినీ నీవు ఆ చిన్న బరువైన నక్షత్రం మీద పెట్టి చూస్తున్నావు. కనబడని పదార్థం దాని కడుపులో చేరితే బరువెంత, పరిమాణమెంత. సూత్రమే మారితే ఎంత. ఒకదానిని చూసి మరొకటని మనం మోసపోయే చోటు ఎక్కడ అని.

ఇక్కడికి వచ్చేసరికి కాగితం కింద పెట్టి లేచిపోయాను. ఈ ప్రశ్న నాకు కొత్తది కాదు. ఆకాశం అంత ఎత్తున కాకపోయినా, మూడు మైళ్ళ కాలవ మీద నేను దీన్ని ఒకసారి ఎదుర్కొన్నాను.

చివరి పేజీలో, తమాషాకు అడిగినట్టుగా, నీవొక మాట అడిగావు. నీ పట్టికలో నలభై ఒక్క వరుసలు సూత్రం చెప్పినట్టే వచ్చాయి, ఒక్క వరుస రాలేదు. ఏడు సార్లు కట్టినా అదే అంకె. అది కంప్యూటరు లెక్కలో చేరిన దుమ్మే అయి ఉంటుంది, ఆ వరుస తీసివేసి డిసెంబరులో థీసిస్ ఇచ్చెయ్యమని ప్రొఫెసరు గారు సలహా ఇచ్చారు. ఉంచితే కారణం తేలేదాకా థీసిస్ ఆగుతుంది. మార్చితో ఫెలోషిప్పు గడువు తీరిపోతుంది. ఇదంతా రాసి, నాన్నా, కాలవ నీటి మట్టం రాసే మీ గేజి పుస్తకంలో పట్టికకు సరిపడని అంకె వస్తే మీరేం చేసేవారు అని అడిగావు.

నీవు ఎటువంటి జవాబు ఎదురుచూస్తున్నావో నాకు తెలుసు. గేజి రాసేవాడు దేవుని ముందు సాక్షి వంటివాడని నీ చిన్నతనమంతా నేనే చెప్పాను. కాని అడిగినదానికి నిజమైన జవాబు ఇది. పట్టికకు సరిపడని అంకె వస్తే నేను దానిని మార్చాను. పదకొండు రోజులు మార్చాను.

అది 1989. బి.ఏ. పట్టా చేతికి వచ్చి మూడు నెలలు. నీకు తొమ్మిదేళ్ళు. అప్పుడు నేను పనిచేసిన కాలవ లాకు పేరు ఇక్కడ రాయను. అది నా ఒక్కడి తప్పు, ఆ ఊరికి దానితో సంబంధం లేదు. పై లాకు దగ్గర గేజి కర్ర నేను చదివేవాడిని. మూడు మైళ్ళ దిగువన రెండవ కర్ర. దానిని చూసేది గట్టు కాపలా లస్కరు సత్తియ్య. సత్తియ్యకు చదువు రాదు. అడుగుకు పది పాయింట్ల చొప్పున కర్ర మీద నలుపు ఒకటి తెలుపు ఒకటి గీతలు వేసి ఉంటాయి గదా. అతడు ఆ గీతలు లెక్కపెట్టుకుని, రోజూ ఉదయం గట్టు వెంబడి నడిచి వచ్చి నోటితో చెప్పేవాడు. నేను పుస్తకంలో రాసేవాడిని. పై కర్ర ఇంత ఉంటే కింది కర్ర ఇంత ఉండాలని ఆఫీసు వారి పట్టిక ఒకటి మా గోడకు అంటించి ఉండేది.

ఒక ఉదయం సత్తియ్య చెప్పిన అంకె పట్టికకన్నా రెండు పాయింట్లు తక్కువ వచ్చింది. గీతలు తప్పు లెక్కపెట్టావు అన్నాను. మళ్ళీ వెళ్ళి చూసి వచ్చాడు. ఆరు మైళ్ళు, ఆ ఎండలో. అదే అంకె. నేను పట్టిక చూసి, పట్టికలోని అంకె రాశాను. పట్టికను కట్టింది ఇంజనీర్లు, సూత్రం తెలిసినవారు. సూత్రం ఏమిటో నాకూ తెలుసు, ఇంజనీర్ల పుస్తకంలో కొత్తగా చదివాను. చదువు రాని మనిషి కన్ను ఒకవైపు, సూత్రం ఒకవైపు. నాకు ఆలోచించవలసిన పని కూడా కనబడలేదు. మరునాడూ అంతే. ఆ మరునాడూ అంతే. ఎనిమిదవ రోజునో తొమ్మిదవ రోజునో సత్తియ్య తలపాగా విప్పి చేత పట్టుకుని అన్నాడు.

“బాబుగారండీ, కర్ర అబద్ధమాడదండి. నీళ్ళు మన కంటికి కనపడకుండా ఎటో పోతన్నాయండి.”

“సూత్రం నీకేం తెలుసయ్యా? గీతలు లెక్కపెట్టడం నేర్చుకో ముందు,” అన్నాను.

అతడు తలపాగా చుట్టుకుని వెళ్ళిపోయాడు. ఇందాకటి రెండు దారులు చూడు. కనబడని చోటికి నీరు పోతూ ఉండాలి, లేదా పట్టికను సవరించాలి. ఈ రెండూ కాని మూడవ దారి ఒకటి ఉన్నది. అంకెను సవరించడం. అన్నిటికన్నా తేలిక అదే. నేను అది తొక్కాను.

పన్నెండవ రోజు మధ్యాహ్నం గట్టు తెగింది. లోపల ఎప్పటినుండో బుంగ పడి, నీరు మట్టిని కొద్దికొద్దిగా తోడుకుపోయి, ఆఖరుకు గండి కొట్టింది. ప్రాణనష్టం లేదు, అందుకు దేవునికి స్తోత్రం. కాని కోతకు వచ్చిన వరి మునిగింది. గట్టు వారనున్న సత్తియ్య ఇల్లు పోయింది. విచారణకు వచ్చిన అధికారి ముందు నా పుస్తకం ఉన్నది. పదకొండు రోజులూ అంకెలు ముత్యాల్లా పట్టికతో సరిపోయాయి. అంటే గట్టు బాగానే ఉన్నది, గట్టు మీద తిరిగే లస్కరు చూసుకోలేదు అన్నమాట. నేను చెప్పానండి, రోజూ చెప్పానండి అన్నాడు సత్తియ్య. అధికారి నా వైపు తిరిగారు.

“సత్తియ్య నీకేమైనా చెప్పాడా?”

“లేదండి.”

వినీలా, నా జన్మలో అంత మర్యాదగా నేను ఇంకో అబద్ధం ఆడలేదు. సత్తియ్య నా ముఖం వైపు చూశాడు. కోపంగా కాదు. కర్ర వైపు ఎలా చూస్తాడో అలా చూశాడు. వారం లోపల అతని ఉద్యోగం పోయింది.

ఆ మరుసటి వేసవిలో కాలవకు నీరు కట్టేసినప్పుడు, ఎండిన కాలవలో ఒక్కడినే దిగి నడిచాను. గండి పూడ్చిన చోటికి ఎగువన మరి నాలుగు బుంగలు కనబడ్డాయి. పిడికిలి పట్టేటంతవి. వాటి నోళ్ళు కొలిచాను. తెగిన చోట ఉండిన బుంగ కొలత విచారణ కాగితాల్లో ఉన్నది, అది కలిపాను. వాటి గుండా రోజుకు ఎంత నీరు పోయి ఉంటుందో కట్టాను, నేర్చుకున్న సూత్రంతోనే. దిగువన రెండు పాయింట్ల లోటు వచ్చింది. సరిగ్గా రెండు. ఎర్రటి ఎండలో, ఎండిన కాలవ నడుమ నిలబడి మళ్ళీ కట్టాను, అదే అంకె. సూత్రం తప్పు కాదు. కర్ర తప్పు కాదు. సత్తియ్య కన్ను తప్పు కాదు. ఆ పదకొండు రోజులూ కనబడనిది ఒకటి అక్కడ ఉండి, తాను ఉన్నానని రెండు గీతలతో చెబుతూనే ఉన్నది. దేవుని సృష్టిలో ప్రతిదీ ఇంత నిక్కచ్చిగా సాక్ష్యం చెబుతుందని అంతకు ముందు నాకు తెలియదు. నేను ఒక్కడినే చెప్పలేదు. ఆ తరువాత కూడా చెప్పలేదు. పదిహేడేళ్ళు.

నీకు లెక్కలు నేర్పింది నేనేనని సంఘంలో, ఆఫీసులో అందరితో చెప్పుకుంటాను. అదీ పూర్తి నిజం కాదు. సెలవుల్లో నీవు సత్తియ్య భుజం మీద ఎక్కి దిగువ లాకుకు పోయేదానివి. నల్లగీత ఒకటి, తెల్లగీత రెండు అని నీ చేత మొదట లెక్కపెట్టించినవాడు అతడు. నీవు చదివిన మొదటి గేజి అతనిదే.

సత్తియ్య ఇప్పుడు యానాం వైపు వలల పని చేసుకుంటున్నాడు. ప్రతి ఏడూ ఈ రోజుల్లో చీరమేను, ఆ సన్నని చేపపిల్లలు, పడగానే ఒక సోలెడు ఆకులో కట్టుకుని మన ఇంటికి తెస్తాడు. నీవు చిన్నప్పుడు ఇష్టంగా తినేదానివని తెస్తాడు. నేను ఆ మనిషి ముందు కూర్చోలేక ఏదో పని కల్పించుకునేవాడిని. మీ అమ్మే మాట్లాడి పంపేది. మొన్న గురువారం వచ్చాడు. మీ అమ్మ ఇంట్లో లేదు. పాపగారు ఏం చదువుతున్నారండి అని అడిగాడు. తప్పించుకోలేక చెప్పడం మొదలుపెట్టాను. చెంచా సంగతి చెప్పాను. నోరు తెరిచి విన్నాడు. చెంచా తెమ్మని, అటూ ఇటూ తిప్పి చూసి, గోదారంతానా అండి అన్నాడు. తరువాత చీకటి పదార్థం సంగతి చెప్పాను. కంటికి కనపడనిది ఉందని ఎలా తెలిసిందండి అని అడిగాడు. చుట్టూ తిరిగేవాటి నడకను కొలిస్తే లెక్క తేడా వచ్చింది, ఆ తేడాను బట్టి అన్నాను.

సత్తియ్య చెంచాను జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు.

“అంతేనండి,” అన్నాడు. “కర్ర అబద్ధమాడదండి.”

దెప్పిపొడవడానికి అనలేదు తల్లీ. అందులో నన్ను తలచుకోనేలేదు. ఆకాశం కూడా తన కర్రలాగే ఉన్నందుకు ఆ మనిషి కళ్ళలో ఆనందం కనబడింది. అతడు వెళ్ళాక చెంచాను తిరిగి ఉప్పు డబ్బాలో వేశాను. మీ అమ్మ భయపడిన చీకటి మేటరు మన ఇంట్లో ఉన్నమాట నిజమే. నలభై మంది ప్రార్థన చిరునామా తప్పి నీ దగ్గరికి వచ్చింది.

కాబట్టి నీ ప్రశ్నకు నా జవాబు. ఆ వరుస తీయకు. దాని వెనుక ఏమున్నదో నాకు తెలియదు. కనబడని పదార్థం కావచ్చు, సవరించవలసిన సూత్రం కావచ్చు, ప్రొఫెసరు గారు అన్నట్టు ఉత్త దుమ్మే కావచ్చు. దుమ్మయితే దుమ్మని తేల్చి, అలాగే రాయి. వారితో మర్యాదగా మాట్లాడు, వారు పెద్దవారు. కాని లేదండి అని మాత్రం అనకు. మార్చి తరువాత అక్కడ ఉండే వీలు లేకపోతే ఇంటికి వచ్చి, నీ బల్ల దగ్గరే కూర్చుని లెక్క చేసుకో. కిటికీ తెరిస్తే గోదావరి కనబడుతుంది. బరువు కొలవడానికి ఉప్పు డబ్బాలో చెంచా ఉన్నది.

ఈ ఉత్తరం నీవు చదివాక, నా తెలుగులోని తప్పులు ఎర్ర సిరాతో దిద్ది తిరుగు టపాలో పంపు. అక్షరాలు దిద్దు, అంకెలు ముట్టుకోకు. నీ తరువాత దీనిని చదవవలసినది మీ అమ్మ. ఆవిడ చదువుతున్నంతసేపూ నేను ఎదురుగా కూర్చుంటాను, పని కల్పించుకుని పెరట్లోకి పోను. ఆ తరువాత సత్తియ్య. అతనికి చదువు రాదు గనుక యానాం వెళ్ళి, అతని వలల పక్కన కూర్చుని, మొదటి అక్షరం నుండి నేనే చదివి వినిపిస్తాను. అధికారి అడిగిన ప్రశ్న దగ్గర, నేను చెప్పిన జవాబు దగ్గర గొంతు ఆగకుండా చదవడం ఇప్పటినుండే అభ్యాసం చేస్తున్నాను; ఇంతవరకు ఒక్కసారి కూడా కుదరలేదు. సత్తియ్య తరువాత దీనిని ఎవరు చదవాలన్నది సత్తియ్యే చెబుతాడు. ఆఫీసులో ఇమ్మంటే, ఈ కాగితమే, ఈ సంతకంతోనే తీసుకువెళ్ళి ఇస్తాను.

ఇట్లు,
నీ నాన్న,
ఏసుపాదం